లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, కీ తిప్పితే మాత్రం ఒక్క "టక్", అంతే

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్, కొని ఏడేళ్లయింది. పది రోజుల నుంచి దీనితో నాకు మనశ్శాంతి లేదు. కాస్త ఓపిగ్గా చదివి దారి చెప్పండి.

అమ్మకి తుంటి ఆపరేషన్ అయి రెండు నెలలు. వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి నేనే తీసుకెళ్తాను. మొన్న థెరపీ అయ్యాక వాకర్‌తో మెల్లగా నడిపించుకొచ్చి, సీటు వెనక్కి జరిపి, నడుము కింద దిండు పెట్టి కూర్చోబెట్టాను. కీ తిప్పితే బానెట్ కిందనుంచి "టక్" అని ఒక్క శబ్దం వచ్చింది. ఇంజన్ కదల్లేదు. మళ్లీ తిప్పితే మళ్లీ ఒక్క టక్. ఎండలో, అద్దాలు దించి, నలభై నిమిషాలు అలాగే కూర్చున్నాం. తొమ్మిదోసారో పదోసారో ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోయింది. ఆ నలభై నిమిషాలు అమ్మ నొప్పి ఓర్చుకుంటూ నాకే ధైర్యం చెప్పింది. అది ఇంకోసారి జరగకూడదు.

నేను గమనించినవి ఇవీ. డాష్‌బోర్డ్ లైట్లన్నీ మామూలుగానే వస్తున్నాయి. హారన్ గట్టిగా మోగుతోంది. హెడ్‌లైట్ వేసి ఎదురు గోడ మీద చూశాను, తెల్లగా బాగా పడుతోంది. కీ తిప్పినప్పుడు కూడా ఆ వెలుతురు ఆరిపోవడం లేదు, మహా అయితే పిసరంత తగ్గుతుందేమో. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చాలాసార్లు మొదటి కీకే అందుకుంటోంది. కాసేపు నడిపి ఆపితేనే ఎక్కువగా మొండికేస్తోంది. ఒకటి రెండుసార్లు టక్ బదులు "టక్, టక్, టక్" అని కూడా వచ్చింది.

ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. ముందు బ్యాటరీ పోయిందన్నారు. ఐదు నెలల కిందటే కొత్తది వేయించానని చెప్తే, అయితే స్టార్టర్ మోటర్ మొత్తం మార్చేయాలన్నారు. మీటర్ పెట్టి చూడలేదు. బానెట్ ఎత్తి, కీ ఒకసారి తిప్పి చెప్పేశారు. మార్చాల్సి వస్తే మారుస్తాను. కానీ మార్చాక కూడా ఇదే జరిగితే?

నాకు బుర్రకెక్కనిది ఒక్కటే. లైట్లు అంత బాగా వెలుగుతున్నాయంటే బ్యాటరీలో కరెంట్ ఉన్నట్టే కదా? మరి ఆ మోటర్‌కి ఎందుకు చాలట్లేదు? ఇంట్లో తమ్ముడి మల్టీమీటర్ ఉంది. వోల్టులు చూడటం వచ్చు, అంతకుమించి రాదు.

జవాబు 1

బ్యాటరీయేనండి. నాకూ అచ్చం ఇలాగే అయింది. లైట్లు వెలుగుతున్నాయి కదా అని నమ్మాను. కీ తిప్పితే టకటకటకమని మెషీన్ గన్‌లా శబ్దం, లైట్లన్నీ టపటపా కొట్టుకునేవి. కొత్త బ్యాటరీ వేశాక మళ్లీ రాలేదు. ఐదు నెలలదే అయినా, మీది చెడ్డ పీస్ పడి ఉండొచ్చు. వారంటీలో మార్చమని అడగండి.

జవాబు 2

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా ఆటో ఎలక్ట్రికల్ పని చేశాను. మీరు రాసిన దాంట్లో ఒక మాట దగ్గర ఆగిపోయాను: కీ తిప్పినా హెడ్‌లైట్ తగ్గట్లేదు అన్నారు. జబ్బు ఎక్కడుందో సగం ఆ మాటలోనే ఉంది. ఇంకేదీ మార్చకండి.

ముందు మీ ప్రశ్నకి జవాబు. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు రెండూ కలిసి తీసుకునేది సుమారు 9 ఆంపియర్లు. స్టార్టర్ మోటర్ పెట్రోల్ కారులో 100 నుంచి 200 ఆంపియర్లు లాగుతుంది. ఆగి ఉన్న ఇంజన్‌ని కదిలించే తొలి క్షణంలో ఇంకా ఎక్కువే. ఇప్పుడు దారిలో ఎక్కడో ఒక కనెక్షన్ తుప్పు పట్టి, 0.05 ఓమ్ అడ్డు పడిందనుకోండి. ఆ దారిలో 9 ఆంపియర్లు పోతే అక్కడ తగ్గేది 0.45 వోల్టులు, కంటికి తెలియదు. అదే దారిలో 150 ఆంపియర్లు పోవాలంటే 7.5 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. మోటర్‌కి మిగిలేది తిరగడానికి చాలదు. చిన్న కాలవకి పనికొచ్చే తూము వరదకి పనికిరాదు కదా, అలాగ. కాబట్టి లైటు వెలిగిందంటే బ్యాటరీలో ప్రాణం ఉందని మాత్రమే అర్థం. బలం ఉందని కాదు, ఆ బలం మోటర్ దాకా చేరుతోందని అసలే కాదు.

ఇక ఆ టక్ సంగతి. స్టార్టర్ మీద చిన్న డబ్బాలా ఉండేది సొలినాయిడ్. కీ తిప్పగానే అది అయస్కాంతమై లోపలి కడ్డీని లాగుతుంది. ఆ కడ్డీ ఒక చివర గేరుని ఫ్లైవీల్ (ఇంజన్‌కి బిగించి ఉండే పెద్ద చక్రం) పళ్లలోకి తోస్తుంది, రెండో చివర ఒక రాగి బిళ్లతో రెండు బోల్టులని కలుపుతుంది. అసలు కరెంట్ మోటర్‌లోకి పోయేది ఆ రాగి బిళ్ల మీదుగానే. మీకు వినిపిస్తున్న టక్ ఆ కడ్డీ వెళ్లి కొట్టిన శబ్దం. అంటే కీ, సొలినాయిడ్‌కి కరెంట్ అందించే రిలే, క్లచ్ తొక్కితేనే స్టార్ట్ కానిచ్చే క్లచ్ స్విచ్, వాటి వైర్లు అన్నీ తమ పని తాము చేశాయి. తేడా ఆ తర్వాతే.

పైన జవాబిచ్చిన ఆయన చెప్పింది ఆయన బండి విషయంలో నిజం. టకటకమని ఆగకుండా కొట్టుకుంటూ లైట్లు కూడా ఆరిపోతుంటే బ్యాటరీ నీరసించింది, లేదా బ్యాటరీ టెర్మినళ్లు లూజ్. సొలినాయిడ్ లాగగానే వోల్టేజ్ పడిపోయి కడ్డీ వదిలేస్తుంది, వదలగానే వోల్టేజ్ లేచి మళ్లీ లాగుతుంది. ఆ చప్పుడు అందుకే. మీ దాంట్లో లైటు తగ్గట్లేదు. లైటు మసకబారడమంటే స్టార్టర్ బ్యాటరీని గట్టిగా లాగుతోందని అర్థం. మీ స్టార్టర్ లాగలేకపోతోంది. మధ్యలో దారి మూసుకుంది.

దానికి కారణాలు మూడు. సొలినాయిడ్ లోపల రాగి బిళ్ల కాలిపోయి ఉండొచ్చు. మోటర్ లోపల తిరిగే భాగానికి కరెంట్ అందించే కార్బన్ బ్రష్షులు అరిగిపోయి ఉండొచ్చు. ఈ రెండూ అయితే వర్క్‌షాప్ వాళ్లు చెప్పింది కరెక్టే, స్టార్టర్ దింపాలి. మూడోది ఇంజన్ ఎర్త్. చాలామంది దీన్ని చూడనే చూడరు.

ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరు కరెంట్‌ని పోనివ్వదు. అందుకని బ్యాటరీ నెగటివ్ నుంచో, బాడీ నుంచో ఇంజన్‌కి గానీ గేర్‌బాక్స్‌కి గానీ ఒక లావుపాటి ఎర్త్ వైరు బోల్టు వేసి ఉంటుంది. స్టార్టర్‌లోకి పోయిన కరెంట్ అంతా తిరిగి బ్యాటరీకి చేరాల్సింది ఆ ఒక్క వైరు మీదుగానే. హెడ్‌లైట్లకి దాంతో పని లేదు, వాటి ఎర్త్ నేరుగా బాడీకి ఉంటుంది. ఇంజన్ ఎర్త్ పాడైతే లైట్లు వాటి దారిన అవి బాగానే వెలుగుతాయి, స్టార్టర్ మాత్రం చచ్చుబడిపోతుంది.

ఈ మూడింటిలో ఏదో తేల్చడానికి తమ్ముడి మీటర్ చాలు. 20 వోల్టుల డీసీ మీద పెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ తొక్కి కీ తిప్పడానికి ఒకరు లోపల కూర్చోవాలి. మీ జడ, చున్నీ, మీటర్ వైర్లు బెల్టుకీ ఫ్యాన్‌కీ దూరంగా ఉండాలి, ఎందుకంటే ఇంజన్ ఉన్నట్టుండి స్టార్ట్ అవ్వచ్చు.

మొదట బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ వోల్టేజ్ చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 అంటే సగం. 12 కిందకి వస్తే ముందు చార్జ్ చేయాలి, మిగతా పరీక్షలు ఆ తర్వాతే. బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కోటి 2.1 వోల్టులు. 10.5 దగ్గర ఆగిపోతే ఒక సెల్ పోయిందని అనుమానించాలి.

ఆ తర్వాత బండిని కాసేపు నడిపి, మొండికేసినప్పుడే కొలవండి. కొలిచేటప్పుడు మీటర్ పిన్నుని క్లాంప్ మీద కాదు, క్లాంప్ మధ్యలోంచి పైకి కనపడే సీసం గుబ్బ మీదే ఆనించాలి. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. గుబ్బకీ క్లాంప్‌కీ మధ్యే నల్లటి పొర ఉంటే అది దొరక్కుండా పోతుంది. కీ తిప్పి ఉంచినప్పుడు రెండు గుబ్బల మధ్య 9.6 కంటే తగ్గకూడదు.

ఇప్పుడు అసలు పరీక్ష. ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ గుబ్బ మీద, రెండోది ఇంజన్ మీద పెయింట్ లేని, శుభ్రమైన లోహం మీద పెట్టండి. కీ తిప్పమనండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగుంది. ఒకటి, రెండు, ఐదు అని చూపిస్తే దొంగ దొరికినట్టే. చేయి అందితే పాజిటివ్ గుబ్బ నుంచి స్టార్టర్ మీది లావు వైరు బోల్టుకి కూడా ఇలాగే చూడండి, అక్కడ 0.5 దాటకూడదు. రెండు వైపులా తక్కువే ఉండి మోటర్ తిరగకపోతే అప్పుడు స్టార్టర్ దింపించండి, సందేహించక్కర్లేదు.

కీ ప్రతిసారీ మూడు సెకన్లు చాలు. 1912 కాడిలాక్ కార్లలో వచ్చిన ఎలక్ట్రిక్ స్టార్టర్‌ని తయారుచేసిన చార్లెస్ కెటరింగ్ అంతకుముందు క్యాష్ రిజిస్టర్లకి మోటర్ పెట్టే పని చేశాడు. అక్కడా ఇక్కడా సూత్రం ఒకటే: చిన్న మోటర్, కొద్ది సెకన్లు మాత్రమే, ఆ కొద్ది సెకన్లూ ఒళ్లు దాచుకోకుండా తిరగాలి. ఇప్పటికీ స్టార్టర్ అలాగే ఉంది. కీ అలాగే పట్టుకుని ఉంటే మోటర్ లోపలి తీగ చుట్ట (వైండింగ్) కాలిపోతుంది.

రెండు విషయాలు అడుగుతాను. రాత్రిపూట నడిపేటప్పుడు లైట్లు ఎప్పుడైనా కొద్దిగా వణికాయా? ఈమధ్య గేర్‌బాక్స్ దింపే పని ఏదైనా చేయించారా?

జవాబు 3

ప్రశ్న అడిగినావిడ బండికి ఇది వర్తించదు. అయినా ఇదే సమస్య వెతుక్కుంటూ వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను. లైట్లు ఉండి, కీ తిప్పితే అసలు టక్ కూడా రాకపోతే దారి వేరు. నాకు అలాగే అయింది. రిలే మార్చాను, ఫ్యూజులు చూశాను, ఏమీ లేదు. చివరికి డ్రైవర్ సీటు కింద మ్యాట్ దులుపుతుంటే నల్లటి రబ్బరు ముక్కలు నాలుగు రాలాయి, వేలితో నలిపితే పొడైపోయాయి. క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఒక స్విచ్‌ని నొక్కడానికి చిన్న రబ్బరు బిళ్ల ఉంటుంది, అది పాతబడి విరిగిపోయింది. పెడల్ తొక్కుతున్నా స్విచ్ నొక్కుకోవట్లేదు, కాబట్టి బండి దృష్టిలో నేను క్లచ్ తొక్కనట్టే. బిళ్ల మార్చాక సమస్య పోయింది. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో స్టార్ట్ కాకపోతే బ్రేక్ తొక్కి న్యూట్రల్‌లో పెట్టి చూడండి. డాష్‌బోర్డ్ మీద తాళం చెవి బొమ్మ మినుకుమినుకుమంటుంటే ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా వేరే కీతో స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) కీని గుర్తుపట్టట్లేదు, ఇంకో కీతో ప్రయత్నించండి.

ప్రశ్న అడిగినావిడ

గురువుగారూ, మీరు చెప్పినట్టే చేశాను. తమ్ముడు కీ దగ్గర, నేను మీటర్ దగ్గర.

పొద్దున్న బ్యాటరీ 12.41. ఒక రౌండ్ నడిపి ఆపాను. మొదటిసారి స్టార్ట్ అయిపోయింది, ఆపి మళ్లీ తిప్పితే టక్. అది విని జీవితంలో మొదటిసారి సంతోషపడ్డాను. కీ తిప్పి ఉంచినప్పుడు బ్యాటరీ గుబ్బల మధ్య 11.8. నెగటివ్ గుబ్బ నుంచి ఇంజన్‌కి పెడితే 8.1! తప్పు చూశానేమోనని పిన్ను వేరే బోల్టు మీద పెట్టి రెండుసార్లు చూశాను. ఒకసారి 8.1, ఒకసారి 7.9. స్టార్టర్ బోల్టు వరకు తమ్ముడి చెయ్యి దూరింది, పాజిటివ్ వైపు 0.3 వచ్చింది.

లైట్ల సంగతి మీరు అడిగాక గుర్తొచ్చింది. రాత్రిపూట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హెడ్‌లైట్లు సన్నగా వణుకుతాయి, యాక్సిలరేటర్ తొక్కితే ఇంకాస్త వణుకుతాయి. రోడ్డు వల్లేమో అనుకునేదాన్ని. క్లచ్ ప్లేట్ పోయిన ఏడాది మార్పించాను, గేర్‌బాక్స్ దింపే చేశారు. అది మీకెలా తెలిసింది?

జవాబు 2

లెక్క వేసి చూడండి. బ్యాటరీ దగ్గర 11.8 ఉంది. ఎర్త్ దారిలో 8.1 పోయింది, పాజిటివ్ దారిలో 0.3. మోటర్‌కి మిగిలింది 3.4 వోల్టులు. 12 వోల్టుల మోటర్ దాంతో ఏం తిరుగుతుంది! మీ స్టార్టర్‌ని అనుమానించడానికి ఇప్పటికైతే కారణం లేదు.

గేర్‌బాక్స్ దింపాలంటే చాలా బండ్లలో ఆ ఎర్త్ వైరు బోల్టు విప్పక తప్పదు, అందుకే అడిగాను. తిరిగి బిగించేటప్పుడు మట్టి తుడవకుండానో, సగం బిగించో వదిలేస్తే వెంటనే తెలియదు. నెలల తరబడి అదిరి అదిరి, వేడికి వ్యాకోచించి, మెల్లగా వదులవుతుంది. వేడెక్కాకే మీ బండి మొండికేయడం కూడా దీనికి సరిపోతుంది.

ఖాయం చేసుకోవడానికి జంపర్ కేబుల్ ఒకటి చాలు. ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస ఇంజన్ మీద లిఫ్టింగ్ కొక్కెం లాంటి గట్టి లోహానికి పట్టించండి. పాజిటివ్ జోలికి వెళ్లొద్దు. ఇప్పుడు కీ తిప్పండి. అందుకుంటే ఇంక సందేహం లేదు.

ఇంకో పని. ఇంజన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ దగ్గర వోల్టేజ్ చూసి రాసుకోండి. బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ కూడా ఇంజన్ మీదే ఉంటుంది, దాని కరెంట్ కూడా ఆ వైరు మీదుగానే తిరగాలి. నా అనుమానం, మీ బ్యాటరీకి చార్జింగ్ కూడా సరిగ్గా అందట్లేదు.

ప్రశ్న అడిగినావిడ

దొరికింది! జంపర్ కేబుల్ పట్టించి కీ తిప్పగానే ఒక్క దెబ్బకి అందుకుంది. ఆపి, మళ్లీ తిప్పి, అలా వరుసగా ఐదుసార్లు చూశాం. ఐదుసార్లూ స్టార్ట్. కేబుల్ తీసేసి తిప్పితే మళ్లీ టక్.

బ్యాటరీ ట్రే కింద, గేర్‌బాక్స్ మీద ఉంది ఆ బోల్టు. ట్రే తీసి టార్చి వేస్తే వైరు కనపడింది. చివర ఉన్న రాగి చెవి, తమలపాకు కాడ పట్టుకుని ఊపితే ఆకు ఊగినట్టు, వేలితో కదిపితే అటూ ఇటూ కదిలింది. బోల్టుకి పానా అక్కర్లేకపోయింది, రెండు వేళ్లతో తిరిగింది. తీసి చూస్తే చెవి అడుగున నల్లగా కాలిన మచ్చ, గేర్‌బాక్స్ అల్యూమినియం మీద ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి, దాని మీద గ్రీజూ ఇసుకా గట్టిపడి అట్ట కట్టి ఉన్నాయి. ఏడాది నుంచి నా బండి కరెంట్ అంతా ఆ అట్ట మీదుగా పోతోందన్నమాట.

ముందు బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టాం. గరుకు కాగితంతో చెవీ, గేర్‌బాక్స్ మీద ఆ చోటూ మెరిసేదాకా రుద్దాం. బోల్టు గట్టిగా బిగించి, తేమ తగలకుండా పైన పల్చగా గ్రీజు రాశాం. ఇప్పుడు కీ తిప్పితే ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గర 10.6, ఎర్త్ దగ్గర 0.1. చార్జింగ్ గురించి మీరు అన్నది కూడా నిజమే: రిపేరుకి ముందు హెడ్‌లైట్లు వేసి చూస్తే 13.0, ఇప్పుడు 14.2. లైట్లు వణకడం పోయింది.

ఒక బోల్టు కోసం స్టార్టర్ మొత్తం మార్పించేదాన్ని. మార్చినా మళ్లీ అదే టక్ వినేదాన్ని. మా అమ్మ మీకు ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమంది. పాత బ్యాటరీ రెండేళ్లకే ఎందుకు పోయిందో కూడా ఇప్పుడు అనుమానం వస్తోంది. దానికీ ఇదే కారణమా?

జవాబు 2

అమ్మకి నా నమస్కారాలు చెప్పండి. చాలా సంతోషం.

పాత బ్యాటరీకి ఇదే కారణమని ఇప్పుడు రుజువు చేయలేం, కానీ అయ్యే అవకాశం బాగా ఉంది. చార్జింగ్ 13.8 నుంచి 14.5 మధ్య అందాలి. నెలల తరబడి సగం కడుపుతో ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా పూర్తిగా కోలుకోదు. అందుకే కొత్త బ్యాటరీని ఇప్పుడే కాపాడుకోవాలి. మీకు పొద్దున్న వచ్చింది 12.41, అంటే అది కూడా నిండుగా లేదు. ఒక రాత్రంతా చార్జర్ మీద పెట్టించి, తీశాక ఒక పూట ఆగి కొలవండి. 12.6 దగ్గర నిలబడితే దానికి ఏమీ కాలేదు. మరుసటి రోజు 12.3కి జారిపోతుంటే చెప్పండి, అప్పుడు బండి ఆపి ఉన్నప్పుడు కరెంట్ ఎవరు లాగుతున్నారో వెతుకుదాం.

నెల తర్వాత ఆ బోల్టు మీద ఒకసారి పానా వేసి చూడండి.